కార్జంలో తెల్ల బొబ్బలు

"పదకొండింటికి కమిటీ సంతకం చేస్తే మన మలేరియా మందు చచ్చినట్టే, సిద్ధరాజ్," వాచీలోని ట్రాన్స్‌మిటర్ గొణిగింది. "మందు తిన్న ఎలుకల రక్తంలో లివర్ ఎన్‌జైమ్‌లు మూడు రెట్లు. అంటే విషమని రిపోర్ట్. ఇక మన జవాన్లకు విదేశీ ముఠా అమ్మే మాత్రలే గతి. వాళ్ళ మనిషి ఆ ల్యాబ్‌లోనే ఉన్నాడు. పట్టుకో. ఓవర్."

తమిళనాడులోని ధర్మపురి, 1984. టైమ్ పది ఇరవై. కూలివాడి వేషంలో ఏజెంట్ సిద్ధరాజ్ ఎలుకల గదిలో నిలబడ్డాడు. ఉచ్చ కంపుకు కళ్ళు మండుతున్నాయి.

సెంటు వాసన ముందు వచ్చింది, తర్వాత డాక్టర్ వేదవల్లి. షిఫాన్ చీర, చంకలో బొద్దు పిల్లి. ఆమె ఢిల్లీ ఆఫీసు ఈ ల్యాబ్‌లో పెట్టిన మన ఏజెంట్.

"తీర్థమలైలో వాన పడిందా?"

"తొప్పూరు ఘాటు దాటలేదు."

కోడ్ కలిసింది.

"ఇక్కడ కుట్రేమీ లేదు. మందే విషం. వెళ్ళిపో," అని నవ్వి ఆమె కమిటీ గదికి నడిచింది.

పెరట్లో, చచ్చిన ఎలుకలు పారేసే గుంత పక్కన, ఊడ్చే తిమ్మమ్మ బ్లేడుతో ఒక ఎలుక పొట్ట చీరుతోంది.

"ఇదేం పని అవ్వా?"

"అలవాటు తంబీ. కోతలప్పుడు పొలం ఎలకని కాల్చే ముందర ఈరల్, అదే కార్జం, చూస్తాము. బాగుంటేనే తినేది. ఇదో, కాలికి చీటీ లేనిది శుద్ధంగా ఉండాది. ఎర్ర చీటీది చూడు, థూ!"

ఆ కార్జం నిండా శనగగింజలంత తెల్ల బొబ్బలు. ఒకటి నొక్కితే రిబ్బన్‌లాంటి పురుగు జారి అతని వేలికి చుట్టుకుంది.

ఎర్ర చీటీ అంటే మందు తిన్న ఎలుక. పురుగు కార్జాన్ని తొలిస్తే ఎన్‌జైమ్‌లు రక్తంలోకి కారతాయి. తప్పు మందుది కాదు!

"ఎవరికన్నా చెప్పినావా?"

"నన్నెవురు అడిగినారు? ఎర్ర చీటీవాటికి మేత ఆ పిల్లి డాక్టరమ్మే కలుపుతుంది. ఫ్రిజ్జులో జాడీ పెట్టుకోనుంది."

వేదవల్లి టిఫిన్ క్యారియర్ పక్కనే ఉందా జాడీ. మూత తీశాడు. పిల్లి మలం. పురుగు గుడ్లు వచ్చేది అందులోంచే. అంటే ముఠా మనిషి వేదవల్లే!

పది యాభై తొమ్మిది. ఛైర్మన్ పెన్ను కాగితాన్ని తాకబోతుండగా సిద్ధరాజ్ దూసుకొచ్చి, రిపోర్ట్ మీద రెండు కార్జాలూ పరిచాడు. ఒక సభ్యుడు కిటికీ దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకున్నాడు.

"ఈ కూలివాణ్ణి గెంటండి!" అని అరిచింది వేదవల్లి.

"వెళ్తాను. ఎలుకలకు మీరు పెట్టిన మేతే, డాక్టర్. ఒక్క చెంచా తిని చూపించండి."

సిద్ధరాజ్ జాడీ తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయి, పిస్టల్‌తో బయటికొచ్చింది. సిద్ధరాజ్ వెనకే వచ్చిన తిమ్మమ్మ చీపురుకట్ట ఆ మణికట్టు మీద పడింది. పిస్టల్ ఒకవైపు, పిల్లి ఒకవైపు ఎగిరాయి.

ఛైర్మన్ రిపోర్ట్ చింపేశాడు. కొత్త ఎలుకలతో మళ్ళీ పరీక్ష చేయమన్నాడు.

మధ్యాహ్నం కమిటీ విందులో మేక కార్జం వేపుడు వడ్డించారు. అందరూ మజ్జిగతో సరిపెట్టుకున్నారు. తిమ్మమ్మ ఒక్కతే ముక్క విరిచి, వెలుతురులో పట్టి చూసి, నోట్లో వేసుకుంది.

"శుద్ధంగా ఉండాది సామీ. తినండి."