సముద్రం కనిపించే ఇంటి యజమాని

హేవాన్ టవర్‌లో పై అంతస్తు ఇంటిని అమ్మిన మర్నాడే దాని యజమాని సముద్రంలో శవమై తేలాడు.

పరాయి దేశం వాడు. ఇల్లు కొన్నాడు, రెట్టింపు ధరకి అమ్మాడు, చచ్చాడు. ఆత్మహత్య అని పోలీసులు ఫైలు మూసేశారు. అంత లాభం కళ్ళచూసినవాడు చావడమెందుకని అడిగింది గూఢచార సంస్థ ఏజెంట్ టాక్ మూయొల్ ఒక్కడే. అడిగినందుకు అతన్ని కేసులోంచి తప్పించి మూల కూర్చోబెట్టారు.

నెల తిరక్కముందే పిలుపొచ్చింది. ఆఫీసుకి కాదు, బూసాన్‌లో హేఉండే బజారు వెనక పంది ఎముకల పులుసన్నం అమ్మే హోటల్‌కి. డైరెక్టర్ మా గ్యోంగ్‌జా అప్పటికే సగం గిన్నె ఖాళీ చేసింది.

"కూర్చో. తిను. మధ్యాహ్నం నీకు కూడు దొరుకుతుందో లేదో."

"మళ్ళీ నేనెందుకు గుర్తొచ్చాను మేడమ్?"

"నీ మొహం చూస్తే ఎవరూ రెండోసారి చూడరు. అందుకు." ఆమె ఉల్లికాడల కూర అతని వైపు తోసింది. "లంగరు ముఠా ఇవాళ ఇంకో ఇల్లు అమ్ముతోంది. అదే టవర్, అదే అంతస్తు, పక్కిల్లు."

మత్తుమందుల మీద వచ్చిన డబ్బు, ఫోన్లలో జనాన్ని ముంచిన డబ్బు. లంగరు వాళ్ళు దాంతో ఒక విదేశీయుడి పేరు మీద ఇల్లు కొంటారు. అదే ఇంటిని ఇంకో విదేశీయుడి పేరుతో వాళ్ళే మళ్ళీ కొంటారు. చేతులు మారేకొద్దీ మురికి వదులుతుంది. చివరికి 'ఇల్లు అమ్ముకున్న సొమ్ము' అనే పేరుతో దర్జాగా దేశం దాటుతుంది. పేరు అరువిచ్చినవాడు మాత్రం ఎవరికీ జవాబు చెప్పకుండా పోతాడు.

"ఈసారి పేరు ఎవరిది?"

"హెగాయ్ అర్కాది. కజకిస్తాన్‌లో ట్రాక్టర్లు బాగుచేసుకునే ముసలాయన. తాతల నాడు ఇక్కణ్ణుంచి పోయిన మనవాళ్ళే. పూర్వీకుల ఊరు చూపిస్తామని తీసుకొచ్చారు."

"తలుపు బద్దలుకొట్టి పట్టుకుందాం."

"కొట్టు. నువ్వు లోపలికి వెళ్ళేలోపు ముసలాయన కిటికీలోంచి బయటికి వెళ్తాడు. కాగితాలంటావా, కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. అనుమానం మీద ఏ ప్రాసిక్యూటరూ కదలడు. నాకు కావాల్సింది ఆ పెద్దాయన నోరు. సొమ్ము ఆయన ఖాతాలో పడ్డాక, బయటికి పోయేలోపు, 'ఇది నా ఇల్లు కాదు' అని ఆయన అనాలి. ప్రాసిక్యూటరు, బ్యాంకు అధికారి నా పక్కనే కూర్చుని వింటారు. అన్న క్షణం ఖాతా నిలిపేస్తారు."

"లోపల మన మనిషి ఎవరు?"

"మ్యోంగ్ సోల్హి."

మూయొల్ చెంచా గిన్నెలో పడేశాడు. సోల్హి ముఠాకి ఇళ్ళు బేరం పెట్టే బ్రోకరు. ముత్యాల కమ్మలు, మెత్తటి నవ్వు, రెండు వైపులా జీతం. కిందటిసారి ఆమె కబురు ఆలస్యంగా పంపింది. అప్పటికే మనిషి నీళ్ళలో ఉన్నాడు.

"ఆ పాముని నమ్మి నేను పైకి వెళ్ళాలా?"

"నమ్మమని ఎవరన్నారు? వెళ్ళమన్నాను."

*

మధ్యాహ్నం మూయొల్ నీలం దుస్తుల్లో, భుజాన సంచీతో హేవాన్ టవర్ పై అంతస్తులో లిఫ్టు దిగాడు. నీళ్ళు ఎక్కడ లీకవుతున్నాయో నేలకి చెవి పెట్టి కనిపెట్టే పనివాడి వేషం. సంచీలో నేల మీద ఆనించే సున్నితమైన మైకు, హెడ్‌ఫోన్. గోడ అవతల గుసగుస కూడా దాంట్లో వినబడుతుంది. ఆ హెడ్‌ఫోన్‌కే ఇంకో చిన్న మైకు దాచారు. దాని దగ్గర మాట్లాడిందల్లా కింద వ్యానులో ఉన్న డైరెక్టర్‌కి చేరుతుంది, ఆమె మాట హెడ్‌ఫోన్‌లో వినబడుతుంది.

తలుపు తీసింది సోల్హియే.

"కింది ఇంటివాళ్ళ పైకప్పు ఏడుస్తోందట," అన్నాడు. అది సంకేతం.

"ఉప్పునీళ్ళా, మంచినీళ్ళా?" జవాబు సరిగ్గానే చెప్పింది. చూపు మాత్రం ఎవడో దారినపోయేవాణ్ణి చూసినట్టుంది.

హాల్లో లాప్‌టాప్ ముందు రైనర్ ఫోస్ కూర్చున్నాడు. లంగరు ముఠాకి బూసాన్‌లో పెద్దతలకాయ. ఎన్నేళ్ళ నుంచి ఇక్కడున్నాడో, రేవు కూలీల యాసలో తిట్టడం కూడా వచ్చు.

"ఇంత డబ్బు పోసి కట్టిన ఇల్లు కారుతుందా? లీకుల పనికి వచ్చినవాడివి ఆ బూట్లేంట్రా, పెళ్ళికొచ్చినట్టు?"

"అద్దెవండి," అన్నాడు మూయొల్. ఫోస్ నవ్వలేదు.

మూయొల్ స్నానాల గది నేల మీద మైకు ఆనించాడు. గోడ అవతల ఎవరో ముసలి గొంతుతో కూనిరాగం తీస్తున్నారు. కుర్చీ కిర్రుమంది. ఆ పక్కనే బరువైన ఊపిరి. కాపలావాడు ఇవార్. ముసలాయన్ని వదిలి ఒక్క అడుగు కదలడని సోల్హి ముందే చెప్పింది. మైకు హాలు వైపు తిప్పాడు.

"సొమ్ము పడగానే పెద్దాయనకి బాల్కనీలోంచి వంతెన చూపించండి," అంటున్నాడు ఫోస్. "చూసి మురిసిపోతాడు. అన్నట్టు, ఈ లీకులవాణ్ణి నిజంగా టవర్ ఆఫీసువాళ్ళే పంపారా? ఫోన్ చేసి కనుక్కుంటాను."

"అక్కర్లేదు." సోల్హి గొంతు తీరిగ్గా ఉంది. "వాడు లీకులవాడు కాదు. గూఢచారి. పేరు టాక్ మూయొల్."

ఫోస్ ఇవార్‌ని కేకేశాడు. మూయొల్ హెడ్‌ఫోన్ తీసేలోపే ఇవార్ చెయ్యి అతని మెడ మీద పడింది.

హెడ్‌ఫోన్ లాగి సంచీలో పడేసి, రెండు గుద్దులతో సంచీతో సహా హాల్లోకి ఈడ్చుకొచ్చాడు. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. సోల్హి సోఫా అంచున కూర్చుని కమ్మ సర్దుకుంటోంది.

"ఎంతకి అమ్మావు నన్ను?" అన్నాడు మూయొల్.

"నీకు అంత రేటు లేదులే."

ఫోస్ మొదటిసారి నవ్వాడు. "ఇవార్, వీణ్ణి బాల్కనీలోకి తీసుకెళ్ళు. ముందు వీడు వంతెన చూస్తాడు. సోల్హీ, నువ్వెళ్ళి ముసలాడి దగ్గర కూర్చో. ఆ సంచీలో ఏముందో కూడా చూడు."

ఆమె సంచీ తీసుకుని లోపలికి వెళ్ళింది. గడియ పడిన చప్పుడు మూయొల్‌కి వినబడింది. ఆమె చేతుల్లో కిందటి మనిషి పోయాడు, ఈ ముసలాయన పోతాడు, తనూ పోతాడు. పులుసన్నం సగంలో వదిలేసి వచ్చాననిపించింది.

బాల్కనీ తలుపు తెరుచుకోగానే గాలి మొహాన కొట్టింది. ఇవార్ అతన్ని అద్దాల పిట్టగోడ మీదికి ఎత్తాడు. నడుము అంచు మీద ఒరుసుకుంది. కింద అలలు తెల్లటి దారాల్లా కనిపించాయి. మూయొల్ ఇక వెనక్కి లాగడం మానేశాడు. రెండు చేతులూ ఇవార్ మెడచుట్టూ వేసి, పోతే ఇద్దరం పోదామన్నట్టు తనే ముందుకి వేలాడాడు. ఇవార్ భయపడి వెనక్కి గుంజాడు. ఆ ఊపులోనే మూయొల్ తల వాడి ముక్కుని తాకింది. ఇద్దరూ లోపలి గచ్చు మీద పడ్డారు. ఇవార్ తల తలుపు చట్రానికి తగిలింది. వాడు మళ్ళీ లేవలేదు.

హాల్లో ఫోస్ వేలు మీట మీద ఉంది. "ఆలస్యమైంది. సొమ్ము వచ్చేసింది. వెళ్ళిపోతోంది కూడా." నొక్కాడు.

తెర మీద చక్రం తిరిగింది. ఇంకా తిరిగింది. ఎర్రటి అక్షరాలు వచ్చాయి: ఖాతా నిలిపివేయబడింది.

మళ్ళీ నొక్కాడు. అవే అక్షరాలు. అప్పుడే సామాన్లు మోసేవాళ్ళ వేషంలో ఉన్న డైరెక్టర్ మనుషులు తలుపు పగలగొట్టి లోపలికొచ్చారు. ఫోస్ రేవు యాసలో ఒక బూతు తిట్టి చేతులెత్తాడు.

*

లోపలి గది గడియ తీసేసరికి, ముసలాయన తలమీద హెడ్‌ఫోన్‌తో మంచం మీద కూర్చుని ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. తాతల నాటి మాట, కజకిస్తాన్ యాస కలగలిపి.

"నాకిక్కడ ఇల్లేంటమ్మా? నా ఇల్లు ఉష్‌తోబెలో ఉంది. ఆకుపచ్చ కంచె. పెరట్లో రెండు ఆపిల్ చెట్లు. కోళ్ళున్నాయి. పక్కింటావిడ మేతేస్తోందో లేదో. వీళ్ళు మా తాత ఊరు చూపిస్తామన్నారు, చూపించలేదు. మీరెవరో గాని, చూపిస్తారా?"

కింద వ్యానులోంచి డైరెక్టర్ గొంతు హెడ్‌ఫోన్‌లో కరుకుగా వినబడింది. "చూపిస్తాం పెద్దాయనా. నేనే తీసుకెళ్తాను."

మూయొల్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. సోల్హి చేతులు రెండూ కనబడకుండా చంకల్లో దాచుకుంది.

"నీ వేషం ఒక్క ఫోన్‌తో పోయేది," అంది అతని వైపు చూడకుండా. "ఇవార్ ఈ గది వదలాలి, నేను ఆ హెడ్‌ఫోన్‌తో లోపలికి రావాలి. ఇంకో దారి కనబడలేదు. కిందటి మనిషిని వేరే కారెక్కించారు. నాకు తెలిసేసరికి అయిపోయింది."

"ముందు నాకో మాట చెప్పొచ్చుగా. కొంచెంలో చచ్చేవాణ్ణి."

"చెబితే నీ మొహం చూసి ఫోస్ పసిగట్టేవాడు. నీకు నటన రాదు."

"నన్ను అమ్మేశావు."

"బ్రోకర్నండీ, అమ్మడం నా పని," అంది సోల్హి, కస్టమర్‌తో మాట్లాడినట్టు. "మీ బేరంలో కమీషన్ తీసుకోలేదు. అదీ చూడండి."