ముఖం లేని నీడరాణి

కెజియా నుదుటి మీది కలనేత పట్టీ ఆకుపచ్చగా వెలిగి ఆరిపోయింది. సువార్త దాన్ని విప్పి, దత్తత తీసుకున్న ప్రతి ఇంట్లోనూ పొద్దున్నే అడిగే ప్రశ్నే అడిగింది.

"రాత్రి ఎందాకా వెళ్ళావమ్మా?"

"ఏటి దాకా," అంది ఏడేళ్ళ కెజియా ఇడ్లీ తుంచుతూ. "అవతలి గట్టున నీడరాణి నిలబడింది. దానికి కనుబొమ మీద కోత ఉంటుందిగా, నన్ను చూసి నవ్వింది."

సువార్త చేతిలో చట్నీ గిన్నె ఆగిపోయింది. నీడరాణికి ముఖం లేదు. ఆ కథను అలాగే రాశారు.

సువార్త దత్తత శాస్త్రంలో పండితురాలు. కొత్త ఇంటికి వచ్చిన పిల్లలు పాత ఇంటి కోసం ఏడవకుండా చేయడమే ఆమె పరిశోధన. కథ రాసిన కృపావరం మాష్టారు వేదాంత కళాశాలలో క్రైస్తవ అద్భుత కథలు బోధించి రిటైరయ్యాడు. ఇద్దరి పాండిత్యం కలిస్తే పుట్టింది కలనేత. పిల్లలు నిద్రపోతుండగా ఆ పట్టీ వాళ్ళ జ్ఞాపకాలను పోగులుగా విడదీసి ఒకే కథలో నేస్తుంది. నీడరాణి చెరలో ఉన్న పిల్లను వెలుగురాజు ఏరు దాటించి తన బిడ్డగా చేసుకుంటాడు. అంతే కథ. పిల్లలు ఏడవడం మానేశారు. పుట్టిన ఊరు కూడా మరిచిపోయారు. తను దత్తత తెచ్చుకున్న కూతురికీ సువార్త అదే పట్టీ కట్టింది.

ఇప్పుడు ఆ కూతురు చెయ్యి జారిపోయేలా ఉంది. తుపానులో పోయిందనుకున్న కెజియా కన్నతల్లి బతికే ఉంది. ఈరోజే భీమిలి దత్తత భవనంలో ఇద్దరినీ కలుపుతారు. చట్టం ప్రకారం పిల్ల గుర్తుపడితే తల్లికి అప్పగించాలి. గుర్తుపట్టకపోతే తల్లి మళ్ళీ రాకూడదు.

దారి పొడుగునా సువార్త ప్రార్థించింది. ఏమని ప్రార్థిస్తున్నదీ తనకు తానే ఒప్పుకోలేకపోయింది.

భవనం వరండాలో కృపావరం ఎదురొచ్చాడు. కెజియాను లోపల కూర్చోబెట్టి, సువార్త కనుబొమ మీది కోత సంగతి చెప్పింది. ఆయన ముందు తేలిగ్గా తీసుకున్నాడు. చీకటి లేకుండా వెలుగు కథ ఎవరు రాస్తారని అడిగాడు.

"భయానికి ముఖం మేం ఇవ్వం అమ్మాయ్. చదివేవాళ్ళకే వదిలేస్తాం. అది మా పద్ధతి."

"పుస్తకంలో ఖాళీ వదిలితే ఖాళీగానే ఉంటుంది మాష్టారూ. యంత్రం ఊరుకోదు కదా."

ఆ మాట అంటుండగానే సువార్తకు తను చేసింది గుర్తొచ్చింది. పోగొట్టుకున్న ముఖాన్ని వెలుగు రాజ్యంలో ఎక్కడా కనిపించనివ్వొద్దని, కనిపిస్తే పిల్లలు వెతుక్కుంటారని కలనేతకు నియమం పెట్టింది తనే. పిల్ల మరిచిపోలేని ఆ ముఖాన్ని యంత్రం ఎక్కడ పెడుతుంది? కథలో ఖాళీగా ఉన్న చోటు ఒక్కటే, నీడరాణి ముఖం.

ఆ మాటే ఆయనతో అంది. రాష్ట్రంలో ఎన్ని వేల మంది పిల్లలు రాత్రంతా ఎవరి ముఖం చూసి వణుకుతున్నారో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

అప్పటికే లోపల తలుపు తెరిచారు. ఇద్దరూ గదిలోకి వెళ్ళారు.

కెజియా కన్నతల్లి నూకరత్నం సముద్రపు నాచు తోటల్లో పనిచేసే మనిషి. కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఎడమ కనుబొమ మీద పాత కోత. ఆమెను చూడగానే కెజియా అరవలేదు. పెదవులు తెల్లబడ్డాయి. కాళ్ళ వెంట తడి కారింది. పరుగెత్తుకొచ్చి సువార్త చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుంది.

"గుర్తుపట్టావా పాపా?" అని అధికారి అడిగాడు.

"నీడరాణి," అంది కెజియా.

పిల్ల గుర్తుపట్టలేదని అధికారి నమోదు చేశాడు. గుర్తుపట్టిందని చెప్పగలిగిన మనుషులు ఆ గదిలో ఇద్దరే. కృపావరం సువార్త వైపు చూశాడు. సువార్త నోరు తెరిచింది. కెజియా వేళ్ళు ఆమె నడుముకు గుచ్చుకున్నాయి. నోరు మూసుకుంది.

నూకరత్నం చాచిన చేతులు మెల్లగా దించుకుంది. ఆ రాణి ఎవరని అడిగింది. కృపావరం దాచకుండా చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకోలేదు.

"ఆఖర్న దానికేటవుద్ది మాష్టారూ?"

"పిల్ల దీపం ఎత్తి, నేను రాజుగారి బిడ్డను అంటే... కరిగి నీళ్ళయిపోతుందమ్మా."

"అయితే అనమనండి. దీనికి రేత్రుళ్ళు నిద్దర పట్టొద్దా?"

చివరికి నూకరత్నమే బల్ల మీది దీపాన్ని కెజియా ముందు నేల మీద పెట్టి, గది చివరికి వెళ్ళి నిలబడింది. కెజియా రెండు చేతులతో దీపం ఎత్తింది. నేను రాజుగారి బిడ్డను అని మాట పూర్తిగా అనేసింది. నూకరత్నం మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగి, చెంప నేలకు ఆనించింది.

"ఓడిపోయానే చిట్టిపీతా," అని కళ్ళు మూసుకుంది.

కెజియా పకపకా నవ్వింది. వాళ్ళు గుమ్మం దాటేదాకా నూకరత్నం కళ్ళు తెరవలేదు.

తిరుగు దారిలో కెజియా హుషారుగా ఉంది. సువార్త దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. గెలిచానన్న సంతోషం మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

"అమ్మా, నీడరాణి నన్ను చిట్టిపీతా అంది."

"ఏదో అందిలే."

"అది నా పేరు కదా. దానికెలా తెలుసు?"

కన్నతల్లి పిలిచిన ఆ ముద్దుపేరు కలనేత రికార్డుల్లో ఎక్కడా లేదు. కారు మలుపు తిరిగింది. కెజియా నవ్వు ఆపేసి, సువార్త ముఖాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూడసాగింది, కనుబొమల దగ్గర మొదలుపెట్టి.