దయచేసి ఊపిరి తీసుకోండి

ఊపిరి బిగబట్టినందుకు ఆవిడగారికి అల్మరా నిండా కప్పులున్నాయి. ఈత నేర్పే టీచరు. అలాంటి మనిషికి ఈమధ్య కుడిచెయ్యి మొద్దుబారి, తడి తువ్వాలు పిండడం కూడా చేతకావడం లేదు. మెడ దగ్గర నరం నలిగి ఉంటే ఆపరేషన్. ఆ తర్వాత ఈత సంగతి మరిచిపోవడమే.

ఆ ముక్క తేల్చాల్సిన స్కాన్ రెండు చోట్ల తీశారు. రెండుసార్లూ ఊపిరికి ఛాతీ కదిలి, బొమ్మలో నరాలన్నీ తడిసిన సిరా గీతల్లా అలుక్కుపోయాయి. మూడోసారి వాళ్ళమ్మని తోడు తీసుకుని ఈ ఆసుపత్రికి వచ్చింది.

ఇక్కడో కుర్ర ఇంజనీరున్నాడు. పేషెంటు మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉంటే, వదిలినప్పుడు మాత్రమే బొమ్మ తీసే పద్ధతి కనిపెట్టాడు. ఆ సంగతి కనిపించినవాళ్ళందరికీ చెప్పుకునే పద్ధతి అంతకుముందే కనిపెట్టుకున్నాడు.

"ఊపిరి వల్ల ఫోటో చెడే ప్రసక్తే లేదండీ," అన్నాడు, నర్సు ఆమె పొట్టకి ఊపిరిని కనిపెట్టే బెల్టు బిగిస్తుంటే.

"ఇంతకుముందు వాళ్ళూ ఇదే అన్నారు."

"వాళ్ళు వేరు, నేను వేరు."

"అదీ అన్నారు."

అతను మూతి ముడుచుకుని, ఆమెని మిషన్ గొట్టంలోకి పంపి, గది అద్దానికి ఇవతలికొచ్చి మీట నొక్కాడు. మిషన్ ఓసారి టకటకమని ఊరుకుంది. స్క్రీన్ మీద ఊపిరి గీత కొత్తగా వేసిన రోడ్డులా సాఫుగా పడుకుంది. అతని మొహం పాలిపోయింది. మైకు లాక్కున్నాడు.

"ఏవండీ! ఉన్నారా?"

"ఎక్కడికి పోతాను? గొట్టంలో పెట్టింది మీరేగా."

"ఊపిరి తీసుకోవడం లేదేంటండీ!"

"మీకు సాయంగా ఉంటుందని ఆపాను. ఇంకా చాలాసేపు ఆపగలను."

"వద్దు తల్లీ! మీరు వదిలితేనే అది ఫోటో తీస్తుంది. లేకపోతే మీకోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది."

"మిషనా, మీరా?"

స్క్రీన్ మీద గీత ఎగిరెగిరి పడింది. ఆవిడ నవ్వుతోంది.

"నవ్వకండి, మెడ కదులుతోంది!"

"మీరు మాట్లాడటం మానండి మరి."

మానేశాడు. అతనికి చదువు చెప్పినవాళ్ళెవరూ చేయించలేకపోయిన పని అది. ఆవిడ బుద్ధిగా ఊపిరి తీసుకుంది, వదిలింది. అతను ఆ గీతనే చూస్తూ కూర్చున్నాడు. చూడాల్సింది నరాల్ని అని మధ్యలో గుర్తొచ్చింది.

బొమ్మలో నరాలు దువ్వి వేసిన జడల్లా విడివిడిగా వచ్చాయి. పెద్ద డాక్టరుగారు చూసి, "నలగలేదమ్మా, వాచిందంతే. మెత్తని బంతి పిండుతూ ఉండు. మెల్లగా ఈతకీ వెళ్ళొచ్చు," అన్నారు. ఇన్నాళ్ళూ దాచుకున్న ఏడుపు ఆమెకి వరండాలో బెంచీ మీద వచ్చింది. వాళ్ళమ్మ వీపు రాస్తూ కూర్చుంది.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు మనవాడు.

"రీసెర్చికి ఇంకోసారి స్కాన్ కావాలండీ. మీరు మళ్ళీ రావాలి."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఫోటో బాగా రాలేదా?"

"చాలా బాగా వచ్చింది."

"మరి?"

అతను వాళ్ళమ్మ వైపు తిరిగాడు. "ఆంటీ, మీ అమ్మాయితో కాఫీ తాగాలని ఉందండీ."

"నన్నడుగుతావేం నాయనా? తాగేది నేనా?"

కూతురు అతని చెయ్యందుకుని, మొద్దుబారిన వేళ్ళతో పిండింది.

"ఇదేంటండీ?" అన్నాడు.

"బంతి కొనేదాకా."

వాళ్ళమ్మ మొహం అటు తిప్పుకుని, గోడమీదున్న పసిపిల్లల టీకాల పట్టికని మొదటి నెల నుంచి శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది.