ఉమ్మేసే చదువు

మంగ్లి ఇప్పపూలు ఏరుకొచ్చి గంపను అరుగు మీద దించేసరికి ఎండ వాకిట్లోకి వచ్చేసింది. ఏన్కూరు దాటాక అడవి అంచున ఉన్న ఆ తండాలో ఎండాకాలం మొదలైతే ఆడవాళ్లందరికీ పొద్దున్నే అదే పని. పూలు పరదా మీద ఆరబోస్తూ ఇంట్లోకి తొంగి చూసిన మంగ్లి అక్కడే ఆగిపోయింది.

హైదరాబాదులో పెద్ద హోటల్లో పనిచేసే కూతురు సోని, నిన్ననే సెలవు మీద వచ్చిన పిల్ల, గాజు గ్లాసులోంచి ఎర్రటిదేదో నోట్లో పోసుకుని, పుక్కిలించి, ప్లాస్టిక్ మగ్గులో ఉమ్ముతోంది. ముందర రెండు చిన్న సీసాలు, ఒక తెల్ల కాగితం, ఒక నోటుపుస్తకం.

మంగ్లి ముక్కుకు వాసన అందింది. ఆ ముక్కుకు తండాలో పెద్ద పేరే ఉంది. నానేసిన ఇప్పపువ్వు ఎన్నిరోజులదో కుండ మూత తీయకుండానే చెప్పేసేది. అయితే భర్త పూల్‌సింగ్ పోయిన ఈ ఆరేళ్లలో ఆ ఇంట్లో సారా కుండ పెట్టలేదు. పూలు ఎండబెట్టి అమ్మేయడమే.

"ఏంది సోనీ అది?"

"వైన్, యాడీ." తల్లికి అబద్ధం చెప్పడం సోనికి చేతకాదు. "ద్రాక్షపండ్లతోటి చేస్తరు. సోమవారం నాకు పరీక్ష. పేరు చూడకుండ రంగు, వాసన, రుచి చెప్పాలె. పాసైతేనే కొలువు ఉంటది."

"మీ బాను మింగిన దాన్ని తెచ్చి నా ఇంట్ల పెట్టినవా?"

"తాగుతలేను. ఉమ్మేస్తున్న, చూడు."

"మీ బా గూడ జరంతనే అన్నడు."

తండ్రి మాట ఎత్తేసరికి సోనికి ఒళ్లు మండింది. అసలే నిన్నటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. కాగితం మీద గ్లాసు వంచి రంగు చూడటం వచ్చింది, గుండ్రంగా తిప్పి వాసన లేపడమూ వచ్చింది. ఆ వాసనకు పేరు పెట్టడమే రావడం లేదు. పుస్తకంలో రాసిన పండ్లలో సగం ఆమె ఫొటోల్లో తప్ప చూడలేదాయె. హోటల్లో పెట్టిన మాదిరి పరీక్షలో రెండుసార్లు తప్పింది కూడా.

"నువ్వు అమ్మే పూలతోటి ఊరోళ్లు సారా కాస్తలేరా?" అనేసింది. "నువ్వు అమ్మొచ్చు గానీ నేను వాసన చూడొద్దా?"

మంగ్లి ఎర్ర సీసా ఎత్తుకుని గడప దాటి, పేడతో అలికిన వాకిట్లో వంచేసింది. సోని పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకునేసరికి సగం పోయింది.

వేడెక్కిన నేల మీంచి వాసన గుప్పుమని లేచింది. సీసా పట్టుకున్న చెయ్యి అలాగే నిలిచిపోయింది.

"నేరేడు," అంది మంగ్లి, తనలో తాను అనుకున్నట్టు. "బాగ మాగిన నేరేడు. ఎన్కనుంచి ఎండిన బీడీల తునికాకు కట్ట."

సోని నోటుపుస్తకం తెరిచింది. ఆ సీసాకు ఎదురుగా, హోటల్లో చెప్పిన జవాబు, 'నల్ల పండ్లు, పొగాకు' అని రాసి ఉంది. కోపం ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియదు. లోపలికెళ్లి తెల్ల వైన్ సీసా తెచ్చి తల్లి ముక్కు దగ్గర పెట్టింది.

"నలిపిన నిమ్మాకు," అంది మంగ్లి.

"నోట్ల నీళ్లూరితే పులుపు ఎక్కువున్నట్టు. ఎర్రదాంట్ల వగరుంటది, నాలుక ఎండుకపోతది," అంది సోని.

"పచ్చి తునికిపండు కొరికితే అయినట్టా?"

"అవ్ యాడీ, గట్లనే."

చిన్నప్పుడు తల్లి కొంగు పట్టుకుని అడవిలో తిన్నవన్నీ సోని నోట్లోకి ఒక్కసారిగా వచ్చాయి. ఎవరో తిన్న పండ్ల పేర్లు బట్టీపట్టి చచ్చానేమిటి అనుకుంది. సంతోషం పట్టలేక, "ఇంత మంచి ముక్కు నీది," అంది.

మంగ్లి అరుగు మీద కూలబడింది.

"మీ బా పోయిన దినం ఆయన తాగి ఇంట్లకు రాంగనే తెల్సింది నాకు. ఇప్పసారా వాసన కాదది. అందుల ఏదో విషపు మందు కలిపిన్రు. పొద్దుగాల కొట్లాడుకుని ఉన్నం, కోపంల ఉన్న. పోయి పండుకో అన్న. దవాఖానకు తీస్కపోతే బతుకుతుండె."

ఆరేళ్లుగా ఎవరికీ చెప్పని మాట అది. సోని తల్లి ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. ఇప్పపూలు ఏరిన చేతులు ఆమె జుట్టు నిమిరాయి.

కాసేపటికి మంగ్లి, "ఆ గ్లాసు ఇటియ్యి," అంది. "నువ్వు చేసింది నాకు చూపెట్టు."

సోని చూపించింది. మంగ్లి గుక్కెడు నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, నాలుక మీద నిలిపి, మగ్గులో ఉమ్మింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"గిట్ల ఉమ్మెయ్యొచ్చని మీ బాకు ఎవ్వలు చెప్పకపోయిరి," అంది.