కోళ్ల గూటికి కంత

తెల్లారి కోళ్ల గూటి తలుపు తీసేసరికి, ఉడికే గిన్నె మూత తీసినట్టు కోడలి మొహానికి తడి ఆవిరి కొట్టింది. లోపలి గోడలు చెమటలు పట్టి కారుతున్నాయి. తక్కిన కోళ్లన్నిటి మీదా పెత్తనం చేసే పెట్ట, దొరసాని, మూలన ముడుచుకుని కూర్చుంది. దాని ఎర్రటి తురాయి కొస నల్లబడింది.

"ఇంత వెచ్చటి కొంపలో నీకేం రోగమొచ్చిందే?" అంటూ దాన్ని చంకనేసుకుని వంటింట్లోకి వచ్చింది.

మామగారు టీ తాగుతున్నారు. ముప్పై ఏళ్లు కోల్డ్ స్టోరేజీలో మెకానిక్కుగా చేసిన మనిషి. కిందటి చలికాలం మూడు కోళ్లు బిగుసుకుపోయి చచ్చిపోతే రెండు రోజులు ముద్ద దిగలేదాయనకి. ఈ ఏడు పంతం పట్టి గూటి గోడలకి థర్మోకోల్ పలకలు వేసి, పైన చెక్క కొట్టి, సందు కనిపిస్తే చాలు పూడ్చేశారు, కప్పు కింది కంతతో సహా.

"మామయ్యా, గోడలు తడిసి ముద్దవుతున్నాయి. ఆ తడికి రాత్రి చలి తోడై దీని తురాయి నల్లబడింది. ఆ పైకంత తెరవాలి."

"తెరిస్తే చేసిందంతా గాలికి పోతుంది. తలుపు మీద చాక్‌పీసుతో రాశాను, చూళ్లేదూ? బయటికంటే మూడు డిగ్రీలు ఎక్కువ! నా చేతి గదిలోంచి చీమ తలంత చలి బయటికి పోయేది కాదమ్మాయ్."

"మీ గదుల్లో ఉన్నవి ఐస్‌క్రీం డబ్బాలు మామయ్యా. అవి ఊపిరి పీల్చవు, రెట్టలెయ్యవు."

పక్కనున్న కొడుక్కి టీ పొలమారింది. "ఈ రభసంతా ఎందుకు నాన్నా? సాయంత్రం వచ్చి ఆ పలకలన్నీ పీకి పారేస్తాను," అన్నాడు.

పెద్దాయన గ్లాసు కింద పెట్టారు. "పీకెయ్యండి. రిటైరైనవాడి పనికి విలువేముంది?" అని పెరట్లోకి వెళ్లిపోయారు.

కోడలు మొగుణ్ణి కొరకొరా చూసి, కోడితో సహా ఆయన వెనకే నడిచింది. ఆయన గూటి ముందు బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నారు.

"ఒక్క మేకు కూడా ముట్టుకోనివ్వను. ఆ మూడు డిగ్రీలు ఊరికే రాలేదు," అంది. "ఒక్క మాట అడగనా? నేను కాపురానికొచ్చిన ఏడు, ఎవరూ అడక్కుండానే నా గది గోడకి పలకలు కొట్టారు. మరి కిటికీ పైన జానెడు కంత ఎందుకొదిలారు?"

"నీకు ఊపిరాడొద్దూ?" అన్నారు టక్కున. ఆయన చూపు దొరసాని నల్లబడ్డ తురాయి మీద నిలిచింది. "పోయిన ఏటి చలే కళ్లముందుంది తల్లీ. అదొక్కటే చూసుకున్నాను."

"నాకు చలేస్తుందేమోనని పుట్టింట్లో కూడా ఎవరూ అనుకోలేదు మామయ్యా. ఆ గోడకి వీపు ఆనించిన ప్రతిసారీ మిమ్మల్ని తలుచుకుంటాను. ఇన్నేళ్లూ నోటితో చెప్పలేదంతే."

ఆయన కండువాతో కళ్లొత్తుకుని, "ఉలి పట్రా," అన్నారు.

కోళ్ల తలల మీదుగా గాలి పోయేట్టు, కప్పు కింద కంత తెరిచి జాలీ కొట్టారు.

నాలుగో రోజు పొద్దున ఆమె గోడ మీద చెయ్యి వేస్తే పొడిగా తగిలింది. దొరసాని ఎప్పట్లాగే ఆమె వేలు పొడిచి పలకరించింది. తలుపు మీద కొత్త రాత కనిపించింది: "లోపల రెండు డిగ్రీలు ఎక్కువ. గోడలు పొడి. కంత కోడలిది."

ఆమె చాక్‌పీసు తీసుకుని కింద రాసింది: "వెచ్చదనం మామయ్యది."