రంగుబావి నించి వచ్చిన మెసేజి

"చేద ఏసే పిల్లా, చేద ఏసే పిల్లా,
చేదలో నవ్వేది ఎవరే పిల్లా..."

ఆ తర్వాత ఏదో మాట ఉండాది, నాకు గుర్తు రాలేదు. చిన్నప్పుడు రంగుబావి పక్కన పోయేటప్పుడు దీన్ని పాడుకుంటా పరుగెత్తేవాళ్ళం.

తిరుత్తణి పక్కన మా ఊళ్ళో, మగ్గాలోళ్ళు రంగేసిన నూలు కడిగే బావి అది. నూలు కడగను పోయిన ఒక ఆయమ్మ అందులో పడిపోయిందంట. పొద్దు గూకితే ఇప్పటికీ బండ మీద నూలు ఉతుకుతాదని, దబ్... దబ్... అని వినపడతాదని చెప్పుకుంటారు. బావి దాటితే కాడు, పీనుగుల్ని కాల్చే చోటు. చీకటి పడితే ఆ దోవన ఎవరూ పోరు.

మొన్న నా మనమరాలు ధాత్రి ఆ దోవనే పోయింది. అది చెప్పిందే చెప్తాండా.

మగ్గాల వీధి నివేద, ధాత్రి పలక పట్టినప్పటి నించి జోడు. నివేద మొదటిసారి తానొక్కతే ఒక చీర నేసి, దాని ఫోటో పంపింది. మా పిల్లేమో తిరువళ్ళూరు నించి రైల్లో నలుగుతా వస్తా, ఒట్టి బొటనవేలి బొమ్మ పంపింది.

అంతే. మూడు దినాలు అవతల నించి మాట లేదు. ఇది ఫోన్లో ఏదో రాసేది, తుడిపేది. మళ్ళా రాసేది, తుడిపేది. నివేద ఇంక తనతో మాట్లాడదేమోనని దాని భయం. అన్నం కూడా సరిగ్గా తినలా.

నాలుగో దినం, దీపాలు పెట్టే వేళ... ఫోను గుర్రుమనింది.

ఇప్పటి పిల్లలు తెలుగు మాటల్ని అరవ అచ్చరాల్లో రాసుకుంటారు. ధాత్రి చదివింది. మొహం పాలిపోయింది.

"ఏమైందే?"

"అవ్వా... 'పావీ, కాటికి రా. ఒంటిగా రా' అని రాసిండాది."

పావి అంటే అరవంలో పాపిష్టిది.

"ఒక బొటనవేలికి ఇంత శాపనమా? పోయి ఎదురుగానే అడిగేస్తా," అని చెప్పులేసుకునింది. నేను మోకాళ్ళు పట్టుకోని లేచేలోపల గడప దాటేసింది.

చీకటి. దోవలో కుక్క కూడా లేదు. బావి దగ్గరికి వచ్చేసరికి—

దబ్...

నిలబడిపోయింది.

దబ్... దబ్...

ఫోను వెలుగు వేసింది. బావి మెట్టు మీద ఏదో లేచింది. తల నించి పాదాల దాకా తెలుపు. మొహం లేదు.

"వచ్చినావా..." అన్నాది, సన్నగా.

ధాత్రి పెట్టిన కేక మా వీధి దాకా వినపడింది.

తెల్ల ముసుగు జారింది. లోపల నివేద. దోమలకు ఓర్చలేక, తను నేసిన చీరనే నిండా కప్పుకోనుండాది.

"ఫోటోకు బొటనవేలు చూపిస్తివి. చీరను నేరుగా చూస్తే కేకేస్తావు. ఏమే, అంత బాగాలేదా?"

"నన్ను పావి అంటివే... కాటికి రమ్మంటివే..."

"పావి ఏమిటే? బావి కాడికి రమ్మంటి. ఎవరూ లేని చోట మాట్లాడదామని."

ఇద్దరూ ఫోను మీదికి వంగినారు. అరవంలో బకూ పకూ ఒకటే అచ్చరం. డకూ టకూ ఒకటే. బావి కాడికి... పావీ, కాటికి...

నవ్వి నవ్వి బండ మీద కూలబడినారు.

"చీర బలే ఉండాది. రైల్లో చెయ్యి కదల్చను చోటు లేదు," అన్నాది ధాత్రి.

"ఆ మాట దిగినాకన్నా రాయకూడదా? మూడు దినాలు మగ్గం ముందర ఏడ్చినా."

ధాత్రి ఆ చెంగు చేత్తో తడిమి చూసింది. ఉన్నట్టుండి అడిగింది. "అయితే ఆ దబ్ దబ్ ఏమిటికి? నన్ను బెదిరించేదానికా?"

"నేనెక్కడ? నువ్వు కొడతాండావని కదా నేను లేచింది..."

దబ్.

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని, మా గడపలో వచ్చి పడినారు. చీరను మాత్రం వదల్లేదు. ఒకే కంచంలో సంగటి తినినారు.

అరవై దాటినాక నేను తెలుగు అచ్చరాలు దిద్దుకుంటాంటే, ఈ వయసులో ఏమిటికని నవ్విన పిల్ల ధాత్రి. ఆ రాత్రి నా పక్కన చేరి, ఫోను నా చేతిలో పెట్టి, మెల్లగా అడిగింది.

"అవ్వా, బావికి బ ఎట్లా రాసేది?"