వీపు మీద రాసిన మాట

పొద్దున్నే ఆరింటికి లమ్దువన్ ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టింది. బ్యాంకాక్‌కి దక్షిణాన ఉన్న పెచ్చబురీలో మార్చి నెలంటే ఆ వేళకే ఒళ్ళంతా చెమట. కొట్టు ముందున్న ఇనప జాలీ అవతల రెండు కోతులు కూర్చుని, ఏ తువ్వాలు లాక్కుపోదామా అని చూస్తున్నాయి. "మీకు వేరే ఇల్లే దొరకలేదా, పొండి!" అని చీపురు ఝాడించి, రిజిస్ట్రారాఫీసు గుమస్తా ప్యాంటు బల్ల మీద పరిచింది. మొగుడు సుతిన్ ఇళ్ళకెళ్ళి ఇస్త్రీ బట్టలిచ్చేసి, సందు చివర జావ తీసుకొస్తానని వెళ్ళాడు. కూతురు తాన్వా ఇంకా నిద్రలోనే ఉంది. నిన్నటితో పన్నెండో తరగతీ అయిపోయింది, బడీ అయిపోయింది. ఇవాళ ఆ పిల్లని లేవమని ఎవరంటారు?

బల్ల చివర తాన్వా యూనిఫాం చొక్కా మడతపెట్టి ఉంది. చివరి రోజున పిల్లలంతా ఒకరి చొక్కా మీద ఒకరు రాసుకోవడం మామూలే. దాని మీద ఒక చీటీ. "అమ్మా, ఇది ఉతక్కు. ముందువైపు మాత్రమే ఇస్త్రీ చెయ్యి. వెనక్కి తిప్పావో, నా మీద ఒట్టే!"

అలా రాస్తే ఏ తల్లి తిప్పకుండా ఉంటుంది చెప్పండి? లమ్దువన్ అటూ ఇటూ చూసి, తిప్పింది.

వీపంతా రంగురంగుల రాతలు. "బ్యాంకాక్ వెళ్ళి మమ్మల్ని మర్చిపోకే, లావుపిల్లా." "లెక్కల పరీక్షలో పేపరు చూపించిన దేవతకి దణ్ణాలు." లమ్దువన్ నవ్వుకుంది. సరిగ్గా నడుమ, అరచేయంత చోట, నీలం సిరాతో కుదురైన అక్షరాలున్నాయి.

"తాన్వా, నాలుగేళ్ళుగా నువ్వంటే ఇష్టం. మొహం చూసి చెప్పే ధైర్యం లేక నీ వీపుకి చెబుతున్నాను. రేపు పొద్దున ఎనిమిదీ నలభై రైలుకి హాట్‌యాయ్ వెళ్ళిపోతున్నాను. నాన్న అక్కడే కాలేజీలో చేర్చేశాడు. నీకూ ఇష్టమైతే స్టేషన్‌కి రా. రాకపోతే నాకు అర్థమవుతుంది. మళ్ళీ ఎప్పుడూ విసిగించను. ఫూమ్."

లమ్దువన్ ఆ పేరు మళ్ళీ చదివింది. ఫూమ్ అంటే, శనివారం శనివారం ఒకే ఒక్క చొక్కా ఇస్త్రీకి తెచ్చే ఆ బక్కపలచటి కుర్రాడా? నలిగిన చొక్కా కూడా కాదే! పాపం ఇంట్లో ఇస్త్రీ పెట్టె లేదేమో అనుకుని, ఎప్పుడైనా ఒక చాక్లెట్ కూడా చేతిలో పెట్టేది. నాలుగేళ్ళు! తన కళ్ళ ముందే, తన కొట్టులోనే!

ఏదో మాడిన వాసన. చూస్తే, గుమస్తాగారి ప్యాంటు మీద ఇస్త్రీ పెట్టె ఆకారం గోధుమరంగులో అచ్చు పడింది. దాన్ని పట్టించుకునే స్థితిలో లేదామె. కళ్ళ ముందు ఇరవై రెండేళ్ళ కిందటి తన చొక్కానే కనబడుతోంది. ఆ చొక్కా మీద రాసినవాడు సుతిన్. అప్పుడు తనకి కూడా బ్యాంకాక్‌లో నర్సింగు సీటు వచ్చింది. సీటు పోయింది, ఇస్త్రీ పెట్టె మిగిలింది. ఇప్పుడు అదే సీటు కూతురికొచ్చింది. ఇంకో పదిహేను రోజుల్లో కాయితాలివ్వాలి. మళ్ళీ అదే కథా?

ఆలోచించలేదు. స్పిరిటు సీసా, దూది తీసింది. ఏ మరక దేనికి లొంగుతుందో ఆ ఊళ్ళో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చుట్టూ ఉన్న రాతల్లో ఒక్క అక్షరం చెదరకుండా, నడుమ నీలం సిరా మాత్రం తుడిచేసింది. దూది ఉండలు చెత్తబుట్టలో వేసి, చొక్కా మళ్ళీ అలాగే మడతపెట్టింది.

ఎనిమిదీ పదికి తాన్వా జుట్టు రేగిపోయి, కళ్ళు నులుముకుంటూ పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, చొక్కా? తిప్పలేదుగా?"

"నాకేం పన్లేదా?" అంది లమ్దువన్, తలెత్తకుండా.

పిల్ల చొక్కా లాక్కుని గోడవైపు తిరిగి విప్పింది. వీపంతా రెండుసార్లు వెతికింది.

"ఇక్కడేమీ లేదేంటమ్మా?"

"ఎక్కడ?"

"ఇక్కడ, నడుమ! ఫూమ్ రాశాడు. చాలాసేపు రాశాడు. పెన్ను వీపు మీద కదులుతుంటే తెలిసింది నాకు. పొద్దున లేచాకే చదవాలి అని మాట కూడా తీసుకున్నాడు. రాత్రంతా చూడకుండా చచ్చీ చెడీ ఆగాను." తాన్వా చొక్కా వెలుతురుకి పట్టి చూసింది. తెల్లగా, శుభ్రంగా ఉంది. మొహం పాలిపోయింది. "మూత తియ్యని పెన్నుతో రాసినట్టు నటించాడా? వెనకాల అందరూ కిసుక్కున నవ్వారు. అందుకేనా ఆ నవ్వు? నన్ను వెర్రిదాన్ని చేశాడా?"

"పోనీలేవే, మగపిల్లలు..." లమ్దువన్ మాడిన ప్యాంటు మడతపెట్టడం మొదలుపెట్టింది.

"నాలుగేళ్ళమ్మా! వాడొస్తాడని శనివారం పూట ఎక్కడికీ వెళ్ళేదాన్ని కాదు. ఏ ముహూర్తాన నమ్మానో!" తాన్వా బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. "ఇంక జన్మలో వాడి మొహం చూడను."

లమ్దువన్ కోరుకున్నది అదే. తను ఒక్క మాట అనక్కర్లేకుండానే పని అయిపోయింది. కానీ ఆ పిల్లాడు అక్కడ స్టేషన్లో కూర్చుని ఉంటాడు. ఈ పిల్ల ఇక్కడ వాణ్ణి మోసగాడనుకుంటోంది.

అప్పుడే సుతిన్ ప్లాస్టిక్ కవర్లలో కట్టిన జావ పొట్లాలతో లోపలికొచ్చాడు. "అబ్బ, పొద్దున్నే ఈ స్పిరిటు వాసనేంటి, లమ్?" అంటూ కూతుర్ని చూశాడు, చొక్కా చూశాడు. చెత్తబుట్టలో నీలంగా మారిన దూది ఉండలు చూసి నిలబడిపోయాడు. "నువ్వేనా?"

తాన్వా తలెత్తింది. తండ్రి చూపు వెంటే బుట్టలోకి చూసింది.

"అవును, నేనే!" లమ్దువన్ గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "ఏం, తప్పా? చేతికొచ్చిన సీటు కాలదన్నుకుని, ఇది కూడా నాలాగా జన్మంతా ఊరివాళ్ళ ప్యాంట్లు తోముతూ కూర్చోవాలా? వీపు మీద నాలుగు ముక్కలు రాస్తే నేను కరిగిపోయాను. అలా కరిగి ఏం బాగుపడ్డాను?"

అన్న తర్వాత తెలిసింది ఏమందో. సుతిన్ పొట్లాలు మెల్లిగా బల్ల మీద పెట్టాడు. ఎప్పుడూ ఏదో ఒక హాస్యమాడే మనిషి, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అయితే నేను రాసింది కూడా ఎవరైనా తుడిచేసి ఉంటే బాగుండేది, అంతేనా?"

"నేనలా..."

"ఒక్క మాట విను. సీటు వదులుకోమని నేను రాయలేదు లమ్. 'వెళ్ళిరా, ఎదురుచూస్తాను' అని రాశాను. ఆ చొక్కా బీరువాలోనే ఉంది. తీసి చూసుకో."

లమ్దువన్‌కి తల మీద పిడుగు పడ్డట్టయింది. బీరువా తియ్యక్కర్లేదు. ఆ అక్షరాలు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. వెళ్ళిరా అనే రాశాడు. బస్సెక్కింది తనే, పక్క ఊళ్ళో దిగిపోయి వెనక్కొచ్చిందీ తనే. కొత్త ఊరంటే భయమేసి వచ్చేసింది. ఆ భయాన్ని ఇన్నేళ్ళూ ఇతని నెత్తిన రుద్దింది. ఇతను పల్లెత్తు మాట అనలేదు.

"అమ్మా," అంది తాన్వా, గొంతు పీలగా. "వాడేం రాశాడు?"

లమ్దువన్ కళ్ళు మూసుకుని, ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పింది. "ఎనిమిదీ నలభై" అన్నచోట ముగ్గురూ ఒకేసారి గోడ గడియారం చూశారు. ఎనిమిదీ ఇరవై నాలుగు.

"అయ్యో నాయనోయ్!" తాన్వా పైజమా మీదే ఆ చొక్కా తొడుక్కుంది. లమ్దువన్ బల్ల మీదినుంచి ఏదో అందుకుని జేబులో వేసుకుంది. కొట్టు తలుపు కూడా వెయ్యకుండా ముగ్గురూ ఒకే స్కూటర్ మీద పడ్డారు. నడిపేది లమ్దువన్.

"సీటు నేనెందుకు వదులుతానమ్మా?" వెనకనుంచి ఏడుస్తూనే అరిచింది తాన్వా. "రెండేళ్ళు నిద్ర మానుకుని తెచ్చుకున్న సీటు! వాడంటే ఇష్టం వేరు, అది వేరు! నన్ను ఒక్క మాట అడగొచ్చుగా!"

"తప్పయిందే," అంది లమ్దువన్. గాలికి అది వినబడలేదేమోనని మళ్ళీ గట్టిగా అరిచింది. "తప్పయిందే తల్లీ!"

స్టేషన్ చేరేసరికి ఎనిమిదీ నలభై ఏడు. పట్టాలు ఖాళీగా ఉన్నాయి. తాన్వా ఉన్నచోటే కూలబడింది. సుతిన్ మైకు గదివైపు పరుగెత్తాడు.

"హాట్‌యాయ్ బండా?" లోపలి మనిషి టీ తాగుతూ తాపీగా అన్నాడు. "అది ఏనాడు టైముకొచ్చింది కనక? ఇంకో అరగంట."

ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని ఫూమ్ కూర్చున్నాడు. తాన్వాని చూసి లేవబోయి సంచీ జారవిడిచాడు. వెనకాల ఆమె తల్లిని చూసి, చేతులు జోడించి, పారిపోవడానికి దారి వెతుక్కున్నాడు.

"చదివావా?" అన్నాడు సంచీ ఎత్తుకుంటూ.

"లేదు. మా అమ్మ చదివి చెప్పింది."

ఆ పిల్లాడి పై ప్రాణాలు పైనే పోయాయి.

"చెరిపేసింది కూడా నేనే బాబూ," లమ్దువన్ తనూ చేతులు జోడించింది. పెద్దావిడ తనకి దణ్ణం పెడుతుంటే ఫూమ్ బెదిరిపోయాడు. "నువ్వు మోసం చేశావనుకుని నా పిల్ల ఏడ్చింది. ఆ పాపం నాది." జేబులోంచి నల్ల పెన్ను తీసింది. "ఇది మా కొట్లో బట్టలకి గుర్తులు వేసేది. దీంతో రాస్తే ఎన్ని ఉతుకులు పడ్డా పోదు. నా వల్ల కూడా కాదు. మళ్ళీ రాయి."

తాన్వా ఆ పెన్ను లాక్కుంది. "ఆగు. ముందు నేను. నువ్వు అటు తిరుగు." వాడి వీపు మీద చొక్కా సాగదీసి పట్టుకుని రాయడం మొదలుపెట్టింది. "అమ్మా, నువ్వు కూడా అటు తిరుగు!"

లమ్దువన్ తిరిగింది. పక్కన సుతిన్ పట్టాలకేసి చూస్తున్నాడు.

"ఆ రోజు నేను వెనక్కొచ్చేసరికి నువ్వు బస్టాండులోనే ఉన్నావు," అంది మెల్లిగా. "బస్సు వెళ్ళి మూడు గంటలైనా. ఏం చేస్తున్నావక్కడ?"

"ఎదురుచూస్తానని రాశానుగా," అన్నాడు సుతిన్. "అప్పుడే మొదలుపెట్టేశాను."

ఆమె అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. దూరంగా రైలు కూత వినబడింది.

"అమ్మా, చూస్తున్నావా?" వెనకనుంచి తాన్వా కేకేసింది.

"చూడట్లేదే," అంది లమ్దువన్, తన చొక్కా చేతితోనే కళ్ళు తుడుచుకుంటూ. "నీ మీద ఒట్టు, చూడట్లేదు."